ముందు బ్రేకు, తర్వాతే రంగు

పాత అంబాసిడర్ కారు ఒకటి చేతికి రాగానే మనవాళ్ల మాటలు పెయింటు దగ్గర మొదలవుతాయి. తెలుపే ఉంచాలా, నలుపు వేయించాలా, సీట్లకు ఏ రంగు రెగ్జిన్ కుట్టించాలి, తుప్పు మరకలు పడిన బంపర్లకు పాలిష్ ఎక్కడ పెట్టించాలి అన్న విషయాలు ముందుగా తేలిపోతాయి. బ్రేకుల సంగతి, రేడియేటర్ సంగతి తర్వాత చూసుకుందాంలే అనుకుంటారు. పెయింటు అయ్యేసరికి డబ్బు అయిపోతుంది. బండి తళతళలాడుతూ వాకిట్లో నిలబడుతుంది, రెండు నెలలకు బ్యాటరీ దిగిపోతుంది, ఏడాదికి మళ్లీ షెడ్డు దారి పడుతుంది. ఈ వరస తలకిందులైనదని చెప్పడానికే ఈ వ్యాసం. అనంతపురం జిల్లా పామిడి లాంటి మెట్ట ప్రాంతపు ఊళ్లో పాత కారును బాగుచేయించుకునేవారు దాన్ని రోజూ నడిపే బండిగానే బాగుచేయించుకోవాలి. రంగు వెలిసి ఉన్నా, డోరుకు సొట్ట ఉన్నా ఫర్వాలేదు. ఆపిన చోట ఆగాలి, మేనెల ఎండలో మరగకూడదు, పొద్దున్నే తాళం తిప్పగానే అందుకోవాలి. ఇది ఖర్చు తగ్గించే ఉపాయంగా చెప్పడం లేదు. ఈ నేలలో పాత కారు పదికాలాలు బతకడానికి ఉన్న దారి ఇదేనని నా నమ్మకం, దానికి కారణాలున్నాయి.

బ్రిటిష్ కారు గురించి పామిడిలో మాట్లాడటమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. మన దారుల్లో అర్ధశతాబ్దం పైగా తిరిగిన అంబాసిడర్ పుట్టుకతో బ్రిటిష్ బండే. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న కౌలీ ఫ్యాక్టరీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ కారునే హిందుస్థాన్ మోటార్స్ ఇక్కడికి తెచ్చుకుంది. 1942లో బిర్లాలు స్థాపించిన ఆ కంపెనీ మొదట గుజరాత్‌లోని ఓఖా రేవులో మోరిస్ కార్లను బిగించింది, తర్వాత కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాకు మారింది. అంతకు ముందరి ఆక్స్‌ఫర్డ్ మన దేశంలో ల్యాండ్‌మాస్టర్‌గా తిరిగింది, మోరిస్ మైనర్ బేబీ హిందుస్థాన్ అయింది. అంబాసిడర్ 1950ల చివర్లో మొదలై 2014 మే నెలలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ పని ఆపేసేదాకా నడిచింది. 1959 ప్రాంతం నుంచి దానికి వేసిన 1,489 సీసీ ఇంజన్, ఇంగ్లండులో ఎం.జి.ఎ. అనే స్పోర్ట్స్ కారుకు తొలి రోజుల్లో వేసిన బి-సిరీస్ ఇంజన్‌కు తోబుట్టువు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా ట్రయంఫ్ కంపెనీ బండే, నాలుగు తలుపుల హెరాల్డ్‌ను మాత్రం ఇక్కడే చేశారు. అయినా ఇవాళ మన జిల్లాల్లో చెట్టు కిందో, రేకుల షెడ్డులోనో దుమ్ముకొట్టుకుని కనిపించేవాటిలో ఎక్కువ భాగం అంబాసిడర్లే కాబట్టి దాన్నే పట్టుకుని మాట్లాడుకుందాం.

పాత కారును బాగుచేయించడంలో రెండు వేరు వేరు దారులున్నాయి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం కోసం ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. 1912 నాటి ఆ పసుపు రంగు బండిని ఊరేగింపుల కోసమే చేయించారు, అది తిరిగిన దూరం చాలా తక్కువ. అలాంటిదాన్ని పుట్టినప్పటి రూపానికి తేవడం, అద్దాల వెనక భద్రంగా ఉంచడం న్యాయమే. అంబాసిడర్ అలా పుట్టలేదు. పెళ్లివారిని, రోగులను, తాసిల్దార్లను, వేరుశనగ వ్యాపారులను మోయడానికి పుట్టింది. ఎత్తైన కింది ఖాళీ, 15 అంగుళాల చక్రాలు, వెనక కమాన్ కట్టలు, బస్తాలు పట్టే డిక్కీ, ఇవన్నీ రోజువారీ చాకిరీకి చేసిన ఏర్పాట్లు. ఇంజన్ కొలతలూ అదే చెబుతాయి. సిలిండర్ వెడల్పు 73 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం దాదాపు 89 మిల్లీమీటర్లు. స్ట్రోకు ఇంత పొడుగ్గా ఉన్న ఇంజన్ తక్కువ స్పీడులో బాగా లాగుతుంది, గంటల తరబడి పరుగెత్తిస్తే మాత్రం అలసిపోతుంది. పామిడి నుంచి గుత్తికో, అనంతపురానికో, చుట్టుపక్కల పల్లెలకో గంటకు 55, 60 కిలోమీటర్ల వేగంతో, డిక్కీలో బట్టల మూటలతో వెళ్లిరావడం దాని ఒంటికి సరిపోయిన పని.

ఇక వాతావరణం. నా వాదనకు మూలం ఇక్కడుంది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటాయి, తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్య రుతుపవనాలూ ఇక్కడికి వచ్చేసరికి నీరసిస్తాయి. అందుకే అనంతపురం వైపు ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన. దేశంలో జైసల్మేర్ తర్వాత ఇంత తక్కువ వాన ఇక్కడే అని ఎప్పటినుంచో చెప్పుకుంటారు. రైతుకు శాపమైన ఈ పొడితనం ఇనుప రేకుకు మేలు చేస్తుంది. గాలిలో తేమ 60 శాతం దాటాక ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది, ఉప్పు గాలి తోడైతే చెప్పనక్కర్లేదు. అందుకే మచిలీపట్నంలోనో విశాఖలోనో ఇరవై ఏళ్లున్న బండికంటే పామిడిలో నలభై ఏళ్లున్న బండి రేకు గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. అయితే ఈ మేలు రేకు దగ్గరే ఆగిపోతుంది. ఎండ రబ్బరును ఎండబెడుతుంది. బ్రేకు సిలిండర్ల లోపలి కప్పులు, రేడియేటర్ హోసులు, పెట్రోలు గొట్టాలు, కిటికీల బీడింగులు పగుళ్లిస్తాయి. నిలబెట్టిన బండిలో పెట్రోలు ఆవిరై కార్బ్యురేటర్‌లో జిగురు మిగులుతుంది, ఆయిలు జారిపోయి సిలిండర్ గోడలు పొడిబారతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వారానికి నాలుగు రోజులు తిరిగే బండిలో ఆయిలు ప్రతి మూలకూ పాకుతుంది, బ్యాటరీ నిండుతుంది, బ్రేకు పిస్టన్లు పట్టేసుకోకుండా ఉంటాయి, చిన్న కారుడు పెద్దది కాకముందే కంటపడుతుంది. ఈ ప్రాంతంలో పాత కారును చెడగొట్టేది వాన కాదు, ఖాళీగా నిలబెట్టడం. తుప్పు భయం ఎక్కువున్న చోట పెయింటుకు పెద్దపీట వేయడంలో అర్థముంది. తుప్పు తక్కువై, నిలబెట్టడం వల్ల నష్టం ఎక్కువగా ఉన్న చోట మొదటి రూపాయి యంత్రం మీదే పెట్టాలి.

రేకును అసలు చూడనక్కర్లేదని దీని అర్థం కాదు. అంబాసిడర్‌కు లారీకున్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బలం. డోర్ల కింద పొడుగునా వెళ్లే పెట్టెల్లాంటి భాగాలు, జాకీ పెట్టే చోటు, కార్పెట్ కింది నేల, బ్యాటరీ పళ్లెం, డిక్కీలో స్టెప్నీ గుంట, ముందు అద్దం రబ్బరు కింద దాగిన అంచు, ఈ ఆరు చోట్లా గట్టిగా ఉంటే మిగతాచోట్ల సొట్టలు, గీతలు ఎన్నున్నా బండి కొనవచ్చు. ఇక్కడో చిన్న పరీక్ష ఉంది. రిఫ్రిజిరేటర్ తలుపుకు అంటించే అయస్కాంతం ఒకటి పల్చటి గుడ్డలో చుట్టి, డోరు కింది అంచు వెంబడి మెల్లగా జరుపుతూ పోవాలి. రేకు ఉన్నంతమేరా అది చేతిని లాగుతుంది. లాగడం ఆగిపోయి జారిందంటే ఆ చోట రేకును తుప్పు తినేసింది, పైన లప్పం పూసి రంగు కొట్టారన్నమాట. పైన పటారం లోన లొటారం సామెత పాత కార్ల బేరానికి అక్షరాలా వర్తిస్తుంది. అందుకే కొత్తగా పెయింటు వేసిన బండికంటే, ఎండకు రంగు పాలిపోయి అక్కడక్కడా పెచ్చులూడిన బండిని నేను ఎక్కువ నమ్ముతాను. దాని రోగాలు కళ్లకు కనిపిస్తాయి. టింకరింగ్ పని పైన చెప్పిన బలమైన భాగాలకే పరిమితం చేసి, తిన్న చోట కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. మీద పట్టీ వేస్తే లోపల తేమ చిక్కుకుని ఆ పక్క రేకూ పోతుంది. సీట్ల సంగతికొస్తే, బట్టల వ్యాపారానికి, రెడీమేడ్ కుట్టుపనికి పేరున్న ఈ ఊళ్లో కుట్టే చేతులకు కొదవ లేదు కనక ఆ పని ఆఖరుకు వదిలేసినా నష్టం లేదు.

మొదటి డబ్బు బ్రేకులకు. పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, వాటన్నిటికీ మాస్టర్ సిలిండర్ నుంచి వెళ్లేది ఒకటే దారి. ఎక్కడో ఒక చక్రం దగ్గర రబ్బరు కప్పు చిరిగి బ్రేకాయిలు కారిపోతే నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. కొత్త కార్లలో ఈ దారిని రెండుగా విడగొడతారు కాబట్టి ఒకటి పోయినా ఇంకొకటి ఆపుతుంది. అందుకే పాత బండిలో కారుతున్నదాన్నొక్కదాన్నే మార్చి సర్దుకోవడం ప్రాణాలతో ఆట. మాస్టర్ సిలిండర్, చక్రాల సిలిండర్లు, రబ్బరు హోసులు, ఇనుప గొట్టాలు, లైనర్లు అన్నీ ఒకే విడతలో కొత్తవి వేయించాలి. బ్రేకాయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ పట్టిన ఆయిలు వేడికి మరిగి బుడగలు కడితే పెడలు మెత్తగా లోపలికి పోతుంది, కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. వీలైతే తర్వాతి మోడళ్లకు వచ్చిన ముందు డిస్క్ బ్రేకులు, బూస్టర్ తెచ్చి వేయించడం ఇంకా మంచిది. పాత రూపం చెడుతుందని బాధపడేవారుంటారు, కానీ జాతీయ రహదారి దాటాల్సిన ఊళ్లో ఆ బాధ పెట్టుకోకూడదు. టైర్లనూ ఇలాగే చూడాలి. బండి తిరగకుండా ఉండిపోతే టైరు పూలు కొత్తగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం బిగుసుకుపోయి ఉంటుంది. టైరు పక్కన గుండ్రటి గడిలో ఉన్న నాలుగు అంకెలు చదవాలి. 2316 అని ఉంటే అది 2016లో 23వ వారం తయారైందని లెక్క. పదేళ్ల టైరుకు ఎంత పువ్వున్నా తీసేయాల్సిందే.

రెండో డబ్బు చల్లదనానికి. మన మెకానిక్‌లు ఇంజన్ వేడెక్కుతోందనగానే హెడ్ గాస్కెట్ మీద, ఫ్యాను మీద అనుమానపడతారు. అనంతపురం జిల్లాలో ముందు అనుమానించాల్సింది నీళ్లను. ఇక్కడి బోరు నీళ్లు గట్టివి, లవణాలు ఎక్కువ. బిందె అడుగున తెల్లగా పట్టే పొరే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ, ఇంజన్ బ్లాకు లోపలి దారుల్లోనూ పడుతుంది. సున్నపు పొర వేడిని సరిగా దాటనివ్వదు. దశాబ్దాలుగా దారిపక్క పంపు నీళ్లే పోసిన బండిలో ఇంజన్ వెనక భాగాన, నాలుగో సిలిండర్ చుట్టూ ఈ మట్టి గట్టిపడి కూర్చుంటుంది. పైన రేడియేటర్ ఎన్నిసార్లు కడిగించినా అది కదలదు. బ్లాకు పక్కనున్న గుండ్రటి రేకు మూతలను కోర్ ప్లగ్గులంటారు. వాటిని ఊడదీసి, లోపల తీగతో గోకి, నీటి ధారతో కడిగితే ఎర్రటి బురద పిడికెళ్ల కొద్దీ వస్తుంది. ఆ తర్వాత కొత్త ప్లగ్గులు, కొత్త హోసులు, పనిచేసే థర్మోస్టాట్ వేయించి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పోయాలి. అది దొరక్కపోతే వాటర్ ప్లాంటు క్యాను నీళ్లు బోరు నీళ్లకంటే వెయ్యి రెట్లు మేలు. వేడెక్కుతోందని థర్మోస్టాట్ తీసి పారేయడం మన షెడ్లలో పాత అలవాటు. దానివల్ల చలికాలం ఇంజన్ సరైన వేడికి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లూ త్వరగా అరుగుతాయి. ఎ.సి. పెట్టించాలన్న ఆలోచన ఈ పనంతా అయి, ఒక వేసవి గడిచాక చేయాలి. దుమ్ము గురించీ ఇక్కడే ఒక మాట: కోత రోజుల్లో, పొలాల దారుల్లో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్‌ను పుస్తకంలో రాసినదానికంటే రెండింతలు ఎక్కువగా చూసుకోవాలి.

పెట్రోలు వైపు రెండు మార్పులు ఈ ఇంజన్ పుట్టిన తర్వాత వచ్చాయి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. పాత పెట్రోలులోని సీసం ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే చోటుకు పూతలా పనిచేసేది. పోత ఇనుము హెడ్డులో ఇప్పుడా రక్షణ లేదు. అందుకే హెడ్డు దించినప్పుడు గట్టి వాల్వు సీట్లు కొట్టించడం మంచిది, నెమ్మదిగా నడిపేవారికి దీని తొందర అంతగా లేదు. రెండోది, పంపుల్లో ఇప్పుడు వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది, తేమను లాగి ట్యాంకు అడుగున తుప్పు రేపుతుంది, పాత మురికిని కరిగించి కార్బ్యురేటర్‌కు పంపుతుంది. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు, పంపు డయాఫ్రమ్, దారిలో ఒక ఫిల్టర్ వేయిస్తే ఈ బెడద చాలావరకు తీరుతుంది. మిగిలిన మందు, ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉండకుండా బండి నడపడమే. ఇక ట్యూనింగ్‌కొస్తే, పాయింట్ల సందు, వాల్వుల సందు రెండూ అంగుళంలో వెయ్యికి 15 వంతులు. ఆ మందమున్న ఫీలర్ గేజి రేకు రాకర్ కింద కొద్దిగా పట్టుకుంటూ జారితే చాలు, చెవికి టకటక చప్పుడు తగ్గి, సైలెన్సర్ దగ్గర వాసన మారుతుంది. వైర్లలో పాత గుడ్డ చుట్టినవి, ఎలుకలు కొరికినవి ఉంటే అతుకులు వేయకుండా మొత్తం తీయించి కొత్తగా లాగించాలి, హెడ్‌లైట్లకు రిలేలు, ప్రతి లైనుకూ విడి ఫ్యూజు పెట్టించాలి. డైనమో స్థానంలో మారుతి ఆల్టర్నేటర్ వేయడం మన ఎలక్ట్రీషియన్లకు అలవాటైన పనే. అప్పటి బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి కలిపేవారు, అది చూసుకోకుండా ఆల్టర్నేటర్ బిగిస్తే వెంటనే కాలిపోతుంది.

ఇప్పుడు అభ్యంతరాలు. అన్నిటికంటే బరువైనది భద్రత. ఎయిర్‌బ్యాగులు లేవు, గుద్దినప్పుడు ముందు భాగం ముడుచుకుని దెబ్బను మింగే ఏర్పాటు లేదు, చాలా బండ్లకు సీటు బెల్టులే లేవు. బరువైన రేకు కాబట్టి అంబాసిడర్ గట్టిదన్న నమ్మకం తప్పు. గట్టి రేకు ముడుచుకోకపోతే ఆ దెబ్బ లోపలి మనిషికే తగులుతుంది. ఈ అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయను. 44వ నంబరు హైవే మీద వంద దాటి పరుగెత్తే బస్సుల మధ్య, రాత్రిపూట, ఈ బండితో బెంగళూరు పోవడం తెలివైన పని కాదు. రోజువారీ బండి అంటే అన్ని ప్రయాణాలకూ పనికొచ్చేదని అర్థం చేసుకోకూడదు. పల్లె దారుల్లో, ఊరి వీధుల్లో, పగటిపూట, అరవై లోపు వేగంతో తిరిగే బండి అది. కారు నేలకు, డోర్ల మధ్య స్తంభానికి అదనపు రేకు పెట్టి వెల్డింగ్ చేసిన చోట మూడు చోట్ల బిగిసే సీటు బెల్టులు, వెలుగున్న బ్రేకు లైట్లు, రెండు వైపులా అద్దాలు, వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్లు వేయించాలి. చిన్నపిల్లలను ముందు సీట్లో ఎక్కించకూడదు. ఇదే పల్లె దారిలో, ఇదే పనికి మనవాళ్లు ముగ్గురు మనుషులతో మోటారు సైకిలు మీదో, కిక్కిరిసిన ఆటోలోనో వెళ్తున్నారు. ఆ పోలికలో చూస్తే మంచి బ్రేకులు, బెల్టులు ఉన్న పాత కారు వెనకబడదు.

రెండోది మైలేజీ, పొగ. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కొత్త కార్లు తీస్తోంది, పామిడికి అది సుమారు వంద కిలోమీటర్ల దూరం. అలాంటి కొత్త కారుండగా లీటరుకు పది కిలోమీటర్లిచ్చే బండి ఎందుకని అడుగుతారు. లెక్క వేద్దాం. ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు తిరిగే మనిషికి పాత బండిలో 600 లీటర్లు, లీటరుకు 16 ఇచ్చే కొత్త బండిలో 375 లీటర్లు పడుతుంది. తేడా 225 లీటర్లు, లీటరు 110 రూపాయలనుకుంటే పాతికవేలలోపు. కొత్త కారు వాయిదాలు మూడు నాలుగు నెలలకే ఆ మొత్తం దాటతాయి. లీటరు పెట్రోలు మండితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే ఏడాదికి అర టన్ను తేడా. ఒక కొత్త కారు ఉక్కు, అల్యూమినియం, ప్లాస్టిక్కు తయారీలోనే ఐదారు టన్నులు గాలిలో కలుస్తాయి. ఆ అప్పు తీరడానికి పదేళ్లు పడుతుంది. అదే ఏడాదికి ఇరవై వేల కిలోమీటర్లు తిరిగేవారికైతే మూడేళ్లలో తీరిపోతుంది, వాళ్లకు కొత్త కారే సరైనది. ఈ తేడాను దాచిపెట్టి పాత కారు పర్యావరణానికి మంచిదని అందరికీ ఒకే మాట చెప్పడం నిజాయితీ కాదు. పైగా కార్బన్ మోనాక్సైడ్, మండని పెట్రోలు ఆవిర్లు వంటి విషయాల్లో క్యాటలిటిక్ కన్వర్టర్ లేని ఇంజన్, 2020 ఏప్రిల్ తర్వాతి బి.ఎస్.-6 ఇంజన్‌కు ఏ రకంగానూ సాటి రాదు. ఇరుకైన నగరంలో ఇది పెద్ద లోపం. పొగ పరీక్షలో పాత పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా అనుమతిస్తారు, పైన చెప్పినట్టు సందులు సరిచేసిన ఇంజన్ దానికి చాలా లోపలే ఉంటుంది.

మూడోది చట్టం. పదిహేనేళ్లు దాటిన బండి తుక్కుకే అన్న మాట బాగా ప్రచారంలో ఉంది. ఆ వయసు పరిమితి వచ్చింది ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానికి. మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు తీరాక, ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. దానికి ఫీజు 2022లో 5,000 రూపాయలైంది, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్సు వేరు. గడువు దాటినవాటికి నెలకు 500 చొప్పున ఆలస్య రుసుము పడుతుంది కాబట్టి ఏపీ 02 నంబరు చూసి ముచ్చటపడి కొనేముందు ఆర్.సి. ఎప్పుడు తీరిందో చూడాలి. చాలామంది ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021 జూలైలో వింటేజ్ రిజిస్ట్రేషన్ పద్ధతి వచ్చింది, 20,000 రూపాయలు కడితే పదేళ్లకు వి.ఎ. అక్షరాలున్న నంబరు ఇస్తారు. దాని గౌరవం చూసి మోజుపడితే బండి ఇంట్లోనే ఉండిపోతుంది, ఎందుకంటే ఆ నంబరుతో ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజూ తిరగడానికి వీల్లేదు. నడుపుకునేవారు మామూలు రిజిస్ట్రేషన్నే పొడిగించుకోవాలి. ఒకప్పుడు చాలామంది పెట్రోలు ఇంజన్ తీసేసి మటడార్ డీజిల్ ఇంజన్ వేయించుకున్నారు. అలాంటి బండి దొరికితే ఆ మార్పు ఆర్.సి.లో ఎక్కిందో లేదో చూడాలి. ఎక్కకపోతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీతోనూ పేచీయే.

చివరిది విడిభాగాలు. 2014లో ఫ్యాక్టరీ ఆగింది, 2017లో అంబాసిడర్ పేరును హిందుస్థాన్ మోటార్స్ 80 కోట్లకు ప్యూజో కంపెనీకి అమ్మేసింది, ఆ పేరుతో ఇక్కడ బండేదీ రాలేదు. కాబట్టి సామాను కొరత నిజమైన భయమే, కానీ అన్ని భాగాలకూ ఒకేలా ఉండదు. యాభై ఏళ్లకు పైగా ఒకే మూసలో నడిచిన బండి కావడంతో ఒక మోడల్ భాగం ఇంకో మోడల్‌కు చాలాసార్లు సరిపోతుంది. బ్రేకు లైనర్లు, రబ్బరు కిట్లు, క్లచ్ ప్లేటు, గాస్కెట్లు, బేరింగులు బెంగళూరు జె.సి. రోడ్డులోనో, చెన్నై పుదుప్పేటలోనో దొరుకుతున్నాయి. సిలిండర్ బోరు, వాల్వు సీట్లు, క్రాంక్ గ్రైండింగు వంటివి మంచి లేత్ పనివాడున్న ఏ పట్టణంలోనైనా అవుతాయి. ఈ ఇంజన్‌ను కంప్యూటర్ లేకుండా చెవితో, చేతితో పట్టుకోగల పెద్ద మెకానిక్‌లు గుత్తి, గుంతకల్లు, అనంతపురం వైపు ఇంకా పనిలో ఉన్నప్పుడే బండి నడుస్తూ వాళ్ల దగ్గరికి వెళ్తుంటే కింది కుర్రాళ్లకు ఆ పని వస్తుంది. బాధంతా మళ్లీ తయారుకాని వస్తువులతోనే. తుక్కు షాపుకు పోబోయే ఇంకో అంబాసిడర్ కంటపడితే దాని స్టీరింగ్ ర్యాక్, గేర్‌బాక్స్, బ్రేకు డ్రమ్ములు, డోరు తాళాలు, గ్లాసులు తీయించి పెట్టుకోవాలి. అందులోనూ ముందు అద్దం మొదట. రాయి తగిలి అది పగిలిన రోజున బండి నెలల తరబడి షెడ్డులోనే ఉండిపోతుంది.